దావకు పట్టాదారు లేడు



స్పెయిన్ దేశంలో కొండపల్లెల మీదుగా సైకిళ్ళపై సాగే యాత్రామార్గాలను గూర్చి మొన్నొకచోట నేను మెచ్చుకోలుగా నాలుగు మాటలన్నాను. దానికి రెండు జవాబులు వచ్చాయి. మొదటి మిత్రుడు, "పండితులవారికి వయసు మళ్ళాక విదేశీ వ్యామోహం పట్టినట్టుంది. కొండల్లో సైకిలు తొక్కడం తిన్నదరగనివాళ్ళ వేడుక. నీళ్ళకు కటకటలాడే కరువుసీమకు దానితో నిమిత్తమేమి?" అని ఎత్తిపొడిచాడు. రెండవ మిత్రుడు ఉత్సాహవంతుడు. గుత్తికొండ చుట్టూ నున్నని తారుబాట వేయించాలట, టిక్కెట్టు పెట్టాలట, కోటపైకి రోప్‌వే కట్టించాలట. అప్పుడు మన ఊరు స్పెయిన్‌ను తలదన్నుతుందట. ఇద్దరూ నాకు ఆప్తులే. ఒకరు వద్దన్నారు, మరొకరు కావాలన్నారు కాబట్టి వారిద్దరూ విరుద్ధపక్షాలని అనుకోకండి. ఇద్దరి పొరపాటూ ఒక్కటే. కొండదారి అంటే ఎవరో డబ్బు పోసి కొత్తగా వేయవలసిన వస్తువని ఇద్దరూ నమ్ముతున్నారు. అది మన కాళ్ళ కింద ఎప్పటినుంచో ఉన్నదనీ, మనం చూస్తుండగానే పోతున్నదనీ ఇద్దరికీ తట్టలేదు. ఈ టపా వారిద్దరికీ కలిపి ఇస్తున్న సమాధానం.

ముందు స్పెయిన్ సంగతి చూద్దాం. అక్కడివారు సైకిళ్ళ కోసం కొండల్ని తవ్వి బాటలు వేయలేదు. గొర్రెలు నడిచిన బాటలను పోగొట్టుకోలేదు, అంతే. ఎండాకాలం కొండలకూ చలికాలం మైదానాలకూ మందలను తోలుకుపోయే కాపరులు ఆ దేశంలో ఎప్పటినుంచో ఉన్నారు. 1273లో కాస్తిలే రాజు పదవ అల్ఫోన్సో ఆ కాపరుల సంఘానికి అధికారపత్రాలిచ్చాడు. దాని పేరు మెస్తా. 1836లో ఆ సంఘం రద్దయింది. కానీ దారులు రద్దు కాలేదు. 1995 మార్చిలో ఆ దేశం ప్రత్యేకంగా ఒక చట్టం చేసి, మందలు నడిచే దారులన్నీ ప్రజల ఆస్తి అని, వాటిని అమ్మడానికి గాని, అనుభవం చూపి స్వంతం చేసుకోవడానికి గాని వీల్లేదని శాసించింది. ఆ దారులు సుమారు 1,25,000 కిలోమీటర్లని లెక్క. వాటిలో తరగతులున్నాయి. కన్యాదా అనే పెద్దబాట 75 మీటర్ల వెడల్పు దాకా ఉంటుంది. కోర్దెల్ అనేది అందులో సగం. వెరెదా అనేది 20 మీటర్లు మించదు. ఇవన్నీ ముందు మందలకే. మందలకు అడ్డు రానంత మేరకు పాదచారులూ, గుర్రపు రౌతులూ, మోటారు లేని బండ్లపై వెళ్ళేవారూ వాడుకోవచ్చునని అదే చట్టం చెప్పింది. ఆ వాక్యం చాటునే సైకిలు కొండెక్కింది. ఏటా శరత్కాలంలో రాజధాని మాడ్రిడ్ నడివీధుల్లోంచి గొర్రెల మందను తోలుకుపోయే పండుగ కూడా 1994 నుంచి జరుగుతున్నది. ఈ వీధి ఒకప్పుడు మా దారి అని నగరానికి గుర్తుచేయడమే దాని పరమార్థం.

రైళ్ళు మానేసిన పట్టాల దారుల సంగతీ అంతే. 1993 నుంచి ఆ దేశంలో వాటిని 'పచ్చబాటలు' అనే పేర నడకకూ సైకిళ్ళకూ అప్పగించడం మొదలుపెట్టారు. ఇప్పుడవి మూడువేల కిలోమీటర్లకు పైబడ్డాయి. ఆండలూసియాలో ఓల్వెరా నుంచి పుయెర్తో సెర్రానో దాకా 36 కిలోమీటర్ల బాట ఒకటున్నది. 30 సొరంగాలు, 4 వంతెనలు కట్టి, చివరికి ఒక్క రైలు కూడా నడపకుండా వదిలేసిన దారి అది. మనమైతే అలాంటిదాన్ని ఎవరెవరం ఎంతెంత పంచుకునేవాళ్ళమో పాఠకులే ఊహించుకోవచ్చు. వాళ్ళు దాన్ని సైకిళ్ళకిచ్చారు. దారి పక్కన రాబందులు గూళ్ళు కట్టుకున్న పెద్ద బండ ఉంటే ఆ పక్షులకూ భంగం రాకుండా చూసుకున్నారు. ఆ పల్లెల్లో నూనెగింజలకు బదులు ఆలివు చెట్లు, మన వేపకు బదులు ఓకు చెట్లు. తక్కిన ఎండా, రాయీ, మేకలూ మనవే. కడకు పల్లేరుకాయ కూడా మనదే. మన పాదాల్లో దిగే ఆ ముల్లే అక్కడి సైకిలు ట్యూబుల్లోనూ దిగుతుంది.

ఇక 'తిన్నదరగనివాళ్ళ వేడుక' అన్న మాట. కొండసైకిలు పుట్టింది రాజుల పెరళ్ళలో కాదు. 1970ల్లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎగువనున్న కొండల్లో, పేపరు వేసే పిల్లలు తొక్కిన లావుచక్రాల పాతబరువు సైకిళ్ళను కొందరు కుర్రాళ్ళు చవకగా సంపాదించి మట్టిబాటల్లో దింపారు. అవే 1996 నాటికి ఒలింపిక్సు కెక్కాయి. ఆ లెక్కన చూస్తే కొండసైకిలు మనకు ఎప్పుడో తెలుసు. క్యారియరు మీద పాలక్యానులు, హాండిలుకు రెండు వైపులా సంచులు, ముందు కడ్డీ మీద పిల్లవాడు, ఈ బరువుతో వంక దిగి గుట్ట ఎక్కినవాణ్ణి ఏమని పిలవాలి? వాడికి గేర్లు లేవు, తలకు టోపీ లేదు, అంతే తేడా. 2011 జనగణన నాటికి ఈ దేశంలో నూటికి 44.8 ఇళ్ళలో సైకిలున్నది. వేడుక వస్తువు అన్ని ఇళ్ళలో ఉండదు.

ఇప్పుడు గుత్తికి వద్దాం. తెలుగు పండితుణ్ణి కనుక మాటతోనే మొదలుపెడతాను. దారికి మనకెన్ని పేర్లు! త్రోవ, తెరువు, బాట, డొంక, పుంత, ఓణి, కనుమ. ఇవి పర్యాయపదాలని నిఘంటువు చూసి బట్టీపట్టించేవారికి నేనొక మాట చెబుతుంటాను. ఇవి పర్యాయపదాలు కావు, వేర్వేరు వెడల్పులు. డొంకలో బండి పడుతుంది, ఓణిలో పట్టదు. కనుమ రెండు కొండల నడుమనే ఉంటుంది, మరొకచోట ఉండదు. స్పెయిన్‌వారు చట్టంలో మీటర్లు వేసి చెప్పినదాన్ని మనవారు మాటల్లో దాచుకున్నారు. మా అనంతపురం సీమలో దారిని 'దావ' అంటాం. బండిదావ, కాలిదావ, గొర్రెలదావ, గుడిదావ, చేనిదావ. దావ అన్నమాట పలికితే నవ్వి, దారి అని దిద్దే ఉపాధ్యాయులను కూడా చూశాను. మాటను దిద్దడానికి ఉన్న ఆత్రం దావను నిలపడానికి ఉంటే బాగుండేది.

గుత్తి చుట్టూ ఉన్న నేల చూసినవారికి తెలుసు. కొండల వలయం, దాని తలమీద కోట, చుట్టూ ఎర్రనేలల్లో శెనక్కాయ చేలు, తూర్పుకు పోయేకొద్దీ నల్లరేగడి, మధ్యమధ్య బోడిగుట్టలు, ఏడాదిలో పది నెలలు ఎండి ఉండే వంకలు. సైకిలుకు ఇంతకంటె అనువైన నేల ఎక్కడుంది? వాన తక్కువ కనుక బురద తక్కువ. గట్టి మొరం నేల కనుక చక్రం దిగబడదు. ఎండ సంగతంటారా, ఆండలూసియాలోనూ వేసవిలో నలభై డిగ్రీలు దాటుతుంది. వాళ్ళు తెల్లవారుజామున బయలుదేరతారు. మా సీమ రైతు అదే పని వాళ్ళకంటె ముందునుంచీ చేస్తున్నాడు.

గుత్తినుంచి పత్తికొండ పోయే దారిలో సుమారు ఎనిమిది మైళ్ళ దూరాన ఎర్రగుడి ఉన్నది. ఇప్పుడది కర్నూలు జిల్లా. అక్కడి బండలమీద అశోకుడి శాసనాలున్నాయని 1929లో అను ఘోష్ అనే భూగర్భశాస్త్రవేత్త గుర్తించాడు. పద్నాలుగు పెద్ద శాసనాలూ, చిన్న శాసనాలూ కూడా ఉన్న చోటు అది. అందులో ఒక దాంట్లో కొన్ని పంక్తులు ఎడమనుంచి కుడికీ, కొన్ని కుడినుంచి ఎడమకూ, కొండదారి మలుపు తిరిగినట్టుగా నడుస్తాయి. ఆ పెద్ద శాసనాల్లో రెండవదాని భావమేమిటో తెలుసా? దారుల వెంట బావులు తవ్వించామనీ, చెట్లు నాటించామనీ, అవి మనుషులకూ పశువులకూ ఉపయోగం కోసమనీ. పశువులకు అన్న మాట గమనించండి. రెండువేల రెండువందల ఏళ్ళ కిందట ఒక చక్రవర్తి దారి అంటే నీడ, నీళ్ళు, పశువు అని మా ఊరి పొలిమేరలో బండమీద చెక్కించాడు. ఆ బండకు కొద్ది మైళ్ళలోనే ఇవాళ 44వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. దాన్ని నాలుగు వరుసలుగా వెడల్పు చేసినప్పుడు పాత చింతలూ వేపలూ నేలకొరిగాయి. వాటికి బదులు రోడ్డు నడుమ గన్నేరు పూస్తున్నది. గన్నేరు నీడన ఎవరు నిలబడతారు? దాని ఆకు మేక కూడా ముట్టదు.

రహదారి వద్దని నేననడం లేదు. లారీలు పోవాలి, బస్సులు పోవాలి, అంబులెన్సు ఇంకా వేగంగా పోవాలి. నా ఆక్షేపణ వేరు. రహదారి వచ్చింది కనుక ఇక దావలతో పనిలేదనే బుద్ధి మీద నా ఆక్షేపణ. ఆ బుద్ధి మూడు విధాల పనిచేస్తున్నది. పక్కచేను రైతు ఏడాదికొక సాలు చొప్పున దావలోకి దున్నుకుంటాడు. పదేళ్ళకు బండిదావ కాలిదావ అవుతుంది, ఇరవయ్యేళ్ళకు గట్టు అవుతుంది. ఇది చిన్న దొంగతనం. రెండవది, ప్లాట్లు వేసేవాడు రాతికూసాలు పాతి ఇనుపతీగ లాగుతాడు. ఇది ఒక్క పూటలో అయిపోతుంది. మూడవది కొండమీద పని. గాలిమరలకనీ గనులకనీ గుట్టల మీద వెడల్పాటి మట్టిరోడ్లు కోస్తారు. కొత్త రోడ్డు వచ్చిందని సంతోషించేలోగా దానికి గేటు పడుతుంది, పాత దావ తెగి వంకలో కలుస్తుంది. చెన్నేకొత్తపల్లి దగ్గరి కల్పవల్లి కొండలను పల్లెవారు ఏళ్ళ తరబడి కాపాడి పచ్చగా చేసుకుంటే, అక్కడ గాలిమరల కోసం కోసిన రోడ్లమీద వచ్చిన ఫిర్యాదు హరిత ట్రిబ్యునలు దాకా పోయింది.

దీనివల్ల నష్టపోయేదెవరో చెబుతాను. నేను పనిచేసిన ఒక బడికి మూడు కిలోమీటర్ల దూరాన ఒక పల్లె. నడుమ గుట్టవార బండిదావ. 2016, 2017 ప్రాంతాల్లో ప్రభుత్వం 'బడికొస్తా' అనే పేర ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు పంచినప్పుడు ఆ పల్లె పిల్ల ఒకతెకు సైకిలు వచ్చింది. ఛందస్సు చెబితే గణాలు వేళ్ళమీద లెక్కపెట్టకుండా చెవితో పట్టుకునే పిల్ల. ఆ యేడే దావకు అడ్డంగా కంచె పడింది. మిగిలిన దారి హైవే. అటునుంచి రావాలంటే ఐదు కిలోమీటర్లు, అందులో కొంతమేర లారీలకు ఎదురుగా. తండ్రి నాలుగు రోజులు వెంట వచ్చి, కూలిపని పోతున్నదని మానేశాడు. పిల్లను కూడా మాన్పించాడు. నేనిద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని కంచె వేసినాయన దగ్గరికి పోయాను. "అది దావ అని మీ దగ్గర కాగితముందా?" అన్నాడు. కాగితం కోసం పోతే, పటంలో ఉన్నది గాని నేలమీద లేదని తేల్చారు. ఆ పిల్ల చదువు తొమ్మిదితో ఆగింది. సైకిలు కొన్నాళ్ళు వసారాలో నిలబడి, తరువాత పాలవ్యాపారికి అమ్ముడుపోయింది.

సైకిలు ఇస్తే ఏమవుతుందో తెలియనిదేమీ కాదు. 1991-92లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోబాటు ఆడవాళ్ళకు సైకిలు నేర్పితే లక్షమందికి పైగా నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. 2006లో బీహారు ప్రభుత్వం తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్ళిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు దాన్ని పరిశీలించి, ఆ వయసు బాలికల్లో ఉన్నత పాఠశాలలో చేరేవారి సంఖ్య 32 శాతం పెరిగిందనీ, బాలబాలికల మధ్య తేడా 40 శాతం తగ్గిందనీ 2017లో ప్రకటించారు. "ఇప్పుడందరికీ మోటారుసైకిళ్ళున్నాయి కదా" అనే మిత్రులు ఒక్కటి గుర్తుంచుకోవాలి. పదహారేళ్ళు నిండని పిల్లకు ఏ మోటారుబండికీ లైసెన్సు లేదు. ఇంటి మోటారుసైకిలు మీద మొదటి హక్కు ఆ ఇంట్లో ఎవరిదో కూడా మనకు తెలుసు. సైకిలు ప్రభుత్వమిస్తుంది సరే, సైకిలు నడిచే దావ ఎవరివ్వాలి?

చట్టం లేదా అంటే, ఉన్నది. బాటలూ, వీధులూ, కాలిదారులూ అన్నీ ప్రభుత్వ ఆస్తి అని 1905 నాటి మద్రాసు భూఆక్రమణ చట్టమే చెప్పింది. అది ఆంధ్రప్రదేశ్‌లోనూ కొనసాగింది. ఊరుమ్మడి భూములను ఆక్రమించినవారిని తొలగించాలని 2011 జనవరిలో సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసులో అన్ని రాష్ట్రాలకూ ఆదేశమిచ్చింది. రెవెన్యూవారి పుస్తకాల్లో 'బాట పోరంబోకు' అనే మాట ఇప్పటికీ ఉన్నది. ఆ మాటను మనం తిట్టుగా వాడుకుంటున్నాం. పోరంబోకు అంటే పనికిరానిదని కాదు, పన్ను కట్టనక్కరలేని అందరి సొత్తు అని.

ఈ మాట ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, నేలను మళ్ళీ కొలుస్తున్నారు. దత్తమండలాలను 1800లో నిజాము ఇంగ్లీషువారికి వదిలేశాక, కలెక్టరుగా వచ్చిన మన్రో 1802లో పొలం పొలానా కొలతలు మొదలుపెట్టించాడు. గుర్రం మీద ఊరూరా తిరిగి చూసిన మనిషి కనుక దావలు అతనికి తెలుసు. 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరాతో పోతే, మొదట పూడ్చింది మా గుత్తికోట కిందనే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో గుర్రాల బదులు డ్రోన్లు తిరుగుతున్నాయి. డ్రోను పైనుంచి చూస్తుంది. దున్నేసిన దావ దానికి చేనులాగే కనబడుతుంది. సర్వేవారు గట్టుమీద నిలబడి పేరు పిలిస్తే పొలానికి పట్టాదారు పలుకుతాడు. దావకు పట్టాదారు లేడు. ఊరు పలకాలి. ఊరు పలకకపోతే, పాత పటంలో చుక్కల గీతగా ఉన్నది కొత్త పటంలో ఆ గీతగా కూడా ఉండదు.

రోప్‌వే కోరిన మిత్రుడికి ఒక్కమాట. మనుచరిత్రలో ప్రవరుడు కాలికి పసరు పూసుకుని ఒక్క గడియలో హిమాలయం చేరాడు. దారి తొక్కకుండా కొండకు చేరినవాడతడు. మంచుకు పసరు కరిగింది. తిరిగి వచ్చే త్రోవ తెలియక ఎంత అవస్థపడ్డాడో మీకు తెలిసిన కథే. నడిచి వెళ్ళినవాడికి ఆ బాధ లేదు. రోప్‌వే మన కాలపు పాదలేపం. పైగా గుత్తికోట పురావస్తుశాఖ రక్షణలో ఉన్న కట్టడం. దాని మెట్లమీద సైకిళ్ళెక్కించి విన్యాసాలు చేయాలనుకునే కుర్రాళ్ళను కూడా నేను సమర్థించను. కోట నడిచి ఎక్కవలసినది. సైకిలుకు కొండ చుట్టూ ఉన్న దావలు చాలు.

నేను కోరేవి పెద్ద కోరికలు కావు. తారు వేయవద్దు. గ్రామసభలో దావల జాబితా చదివి, రీసర్వే పటంలో గీయించి, రెండువైపులా హద్దురాళ్ళు పాతించాలి. హైవే కింద నీళ్ళకోసం కట్టిన తూముల్లో వీలైనచోట సైకిలూ గొర్రెలమందా దూరిపోయేంత ఎత్తూ చదునూ ఉంచాలి. వాననీటికి కోసుకుపోయిన వంకదాటుల దగ్గర నాలుగు బండలు పరవాలి. ఉపాధి హామీలో మట్టిబాటల పని ఎలాగూ ఉన్నదే. దావ పొడవునా అశోకుడు చెప్పినట్టు చెట్లు, మైలుకొక తొట్టి. అప్పుడు హైదరాబాదు నుంచో బెంగళూరు నుంచో గేర్ల సైకిలు మీద వచ్చేవాడు ఎర్రగుడి శాసనాలకు దుమ్ములో వెళ్తాడు. పామిడి దగ్గర పెన్న ఇసుకలో దిగి విశ్రమిస్తాడు. పల్లేరుకాయ దిగితే పల్లెలో పంచరు వేయించుకుంటాడు, పనిలో పనిగా టీ తాగుతాడు. వాడు వస్తే మంచిదే. రాకపోయినా నష్టం లేదు. దావ బడిపిల్లకు మిగులుతుంది, కాపరికి మిగులుతుంది.

సాలుకింత మింగిన రైతు పేదవాడు కదా అని కొందరు అడగవచ్చు. పేదవాడే. దావ పోయినప్పుడు పంట ఇంటికి చేర్చుకోలేక పక్కవాణ్ణి బతిమాలుకునేది కూడా ఆ పేదవాడే. ఎదుటి చేనివాడు కంచె వేసిన రోజున తన బండి ఎటు పోవాలో అతనికి ముందుగా చెప్పవలసిన బాధ్యత చదువుకున్నవాళ్ళది.

ఆ చదువుకున్నవాళ్ళలో మనమూ ఉన్నాం. మనం రాసేవాళ్ళం. పద్యాలమీదా, పాత సినిమాలమీదా, చిన్ననాటి పండుగలమీదా పేజీలు నింపుతుంటాం. ఒక్క టపా మీ ఊరి దావ మీద రాయండి. దాని పేరేమిటి, ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుంది, ఎంత వెడల్పుండేది, ఇప్పుడెంత మిగిలింది, ఎక్కడ తెగింది. ఫొటో ఉంటే పెట్టండి. సర్వే నంబరు తెలిస్తే తప్పక వేయండి. మీ ఊరికి కొలతలవారు వచ్చే రోజున ఆ పుట అచ్చుతీసి గ్రామసభలో చదివించండి. "దావ అని కాగితముందా?" అని అడిగినవాడికి మనం చూపించవలసిన కాగితం అదే.